పన్నెండో బిళ్ల

పోయిన వారం మమతను అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో, పొడవాటి బల్ల ముందు, చేతిలో అరచేయంత అట్టబిళ్లతో వదిలిపెట్టాం. ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది. బిళ్ల ఇంకా చేతిలోనే ఉంది. గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

బిళ్ల మీద బొమ్మ చిన్నదే. తెల్లటి పిండిలో పడ్డ ఎద్దు గిట్ట గుర్తు. పక్కపక్కన రెండు చంద్రవంకలు, మధ్యలో సన్నటి సందు. ఎడమ చంద్రవంక అంచున జొన్నగింజంత ముక్క లేదు. ఆ లేని ముక్క దగ్గరే మమత చూపు ఆగిపోయింది. ఎందుకంటే అలాంటి గుర్తును ఈ భూమ్మీద నలుగురే చూశారు. వాళ్ల ఊరు కనకమామిడిలో, రెండేళ్ల కింద, తాత కుర్మయ్య పోయిన పదకొండో రోజు పొద్దున. ఆ నలుగురూ ఒక్క ఇంటివాళ్లే. తండ్రి సంగయ్య, తల్లి ఎంకమ్మ, అన్న జగదీశ్, తను.

వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయిన పదో రోజు సాయంత్రం, ప్రాణం విడిచిన చోట జొన్నపిండి పల్చగా జల్లి, పక్కన దీపం పెట్టి, పిండి మీద గంప బోర్లిస్తారు. తలుపుకు తాళం వేసి అందరూ వాకిట్లో పడుకుంటారు. తెల్లారి గంప లేపితే పిండిలో ఏదో ఒక గుర్తు కనిపిస్తుంది. కాకి కాలో, పిల్లి పంజానో, పాము పాకిన గీతో. పోయినవాళ్లు ఏ జన్మ ఎత్తారో ఆ గుర్తును బట్టి చెబుతారు. చూసింది మాత్రం గడప దాటనివ్వరు.

ఆ పొద్దున తల్లి కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి తలుపు తెరవడం మమతకు బాగా గుర్తుంది. దీపం ఎప్పుడో కొండెక్కి ఉంది. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు ఉన్న ఆమె చేయి గంప అంచు పట్టుకుంది. గంప పూర్తిగా లేవకముందే ఎంకమ్మ, "ఎద్దు కాలు. మామ ఎద్దయి పుట్టిండు," అని ఏడ్చింది. అందరూ వంగి చూశారు. నిజమే, ఎద్దు కాలే. నలభై ఏళ్లు ఎద్దుల వెనక నడిచిన మనిషికి అంతకన్న మంచి జన్మ ఏముంటుందని సంగయ్య కూడా కళ్లు తుడుచుకున్నాడు.

చావు మంచి నక్షత్రంలో పడలేదు కాబట్టి మూడు నెలలు ఇల్లు విడిచిపెట్టాలన్నాడు పంచాంగం చూసిన అయ్యగారు. ఇంట్లోని వస్తువు ఏదీ బయటికి తేవద్దన్నాడు. ఆ రోజే తాళం వేసి, గుమ్మానికి రేగుకంప అడ్డం పెట్టి, తాళంచెవి జగదీశ్ చేతికిచ్చి, పొలం దగ్గరి కొట్టంలోకి మారారు. మూడు నెలల తర్వాత తలుపు తెరిస్తే అటక మీద సందుగ ఉంది. సందుగలో ఉండాల్సిన సాదాబైనామా లేదు. కుర్మయ్య ఎప్పుడో తెల్లకాగితం మీద రాయించుకుని కొన్న నాలుగెకరాలకు అదొక్కటే రుజువు. కాగితం పోయాక పాత పట్టాదారు కొడుకులు వచ్చి భూమి మాదే అన్నారు. అమ్మేసుకున్నారు. ఇప్పుడక్కడ ఎవరిదో ఫామ్‌హౌస్ ఉంది. దాని లాన్‌కు పైపుతో నీళ్లు పట్టే మాలి పేరు సంగయ్య.

మూడు నెలలూ తాళంచెవి ఉన్నది జగదీశ్ దగ్గర. అందుకని దొంగ జగదీశ్. రెండేళ్లుగా గచ్చిబౌలిలో క్యాబ్ నడుపుకుంటున్నాడు. పండగకు రాడు, జబ్బుకు రాడు. వస్తానన్నా ఎంకమ్మ రానివ్వదు.

అన్న ఆ పని చేయలేదని మమతకు తెలుసు. తెలియడం వేరు, పదిమందికి చూపించడం వేరు.

"ఏమే, పొద్దుగాల కెల్లి గా బిళ్లనే పట్టుకున్నవ్. పెండ్లి చేసుకుంటవా దాన్ని?"

రమ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. షాబాద్ పిల్ల. ఈ కంపెనీ ఆటల బొమ్మలన్నీ ఆమె చేతివే.

"ఇది నువ్వే గీసినవా?" అని అడిగింది మమత.

"మరి? మా ఇంటికాడి బర్రె గీస్తదా?"

"ఏం జూసి గీసినవ్?"

"మిగిలిన పదకొండు బిళ్లలు నా మనసుల కెల్లి గీసిన. గిది మాత్రం ప్రభాకరన్న ఫోటో ఇచ్చిండు. నలుదిక్కుల కోసేసి, ఉత్త గుర్తే కనబడేటట్టు. గట్లెందుకు కోసినవన్నా అంటే, నీ పని నువ్వు చెయ్యమన్నడు."

మమత టీ ముట్టలేదు.

ఆమెను భయపెడుతున్నది ఇంకొకటి కూడా ఉంది. ఈ బిళ్లలు పుట్టడానికి కారణం తనే.

ప్రభాకర్ చేవెళ్లవాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఖాళీ వేళల్లో 'చీకటి మిద్దె' అనే ఆట తయారుచేశాడు. నలుగురు ఆడాలి. తొమ్మిది గదుల ఇల్లు, గదికొక దీపం. పాచిక వేసుకుంటూ గదులన్నీ తిరిగి, దీపాలన్నీ ఆరిపోయే లోపల, చనిపోయిన యజమాని ఏ గదిలో ఉన్నాడో కనిపెట్టాలి. దయ్యం బొమ్మ ఎక్కడా ఉండదు. ఆరిన దీపాలే ఉంటాయి. శుక్రవారం సాయంత్రాలు ఆఫీసు మీటింగ్ రూముల్లో లైట్లు తీసేసి మరీ ఆడారు దాన్ని. ఆ ధైర్యంతోనే ప్రభాకర్ ఉద్యోగం మానేసి ఈ ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకున్నాడు. డిగ్రీ అయిపోయిన మమత డబ్బాలు ప్యాక్ చేయడానికి వచ్చింది. అన్నం తినే వేళల్లో ఆడిన ఆటల్లో ఎవరికీ తట్టని తప్పులు ఆమెకు తట్టేవి. ఏడాది తిరిగేసరికి ఏ ఆట అయినా ఆమె ఆడి సరే అంటేనే ప్రింటుకు పోయేది.

పోయిన ఏడు, అసలు ఆటకు కలుపుకునే అదనపు డబ్బాగా, మొదటి ఎక్స్‌పాన్షన్ వచ్చింది. ఆరు రకాల దయ్యాలు, ప్లాస్టిక్ బొమ్మలు, ఇరవై పేజీల నియమాలు. బల్ల మీద పరచడానికే అరగంట. మమత వద్దంది, ప్రభాకర్ వినలేదు. డబ్బాలు కొన్నవాళ్ల ఇళ్లలో పిల్లలు ఆ దయ్యాలకు చీరలు కట్టి బొమ్మల పెండ్లి చేశారు. దయ్యం కంటికి కనిపించాక భయం ఎక్కడుంటుంది?

ఆ తర్వాత ఒక వానరోజు, కరెంటు లేక అందరూ వరండాలో కూర్చున్నప్పుడు, మమత నోరు జారింది. పిండి, గంప, ఇల్లు విడిచిపెట్టడం, అన్నీ చెప్పింది. కుర్మయ్య గుర్తు ఏమిటో మాత్రం చెప్పలేదు. ప్రభాకర్ కళ్లు మెరిశాయి. ఆరు నెలల్లో రెండో ఎక్స్‌పాన్షన్ తయారైంది. పేరు 'విడిచిన ఇల్లు'. చిన్న చెక్క పళ్లెం, దాని మీద బోర్లించే బుల్లి వెదురు గంప, పన్నెండు గుర్తుల బిళ్లలు, ఆటగాడికొక తాళంచెవి బిళ్ల. అంతే.

ఆ ఫైలు ఈ సాయంత్రం ఆరింటికి ప్రింటరుకు వెళ్లాలి. నాలుగింటికి ఒక ఆట ఆడి పద్ధతి సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి ఎంకమ్మ, మమత 'అవ్వా' అని పిలిచే తల్లి, వస్తోంది. ఆమె తమ్ముడు బాలరాజ్ జీపులో తీసుకొస్తానన్నాడు. ఇదంతా పోయిన వారమే చెప్పుకున్నాం.

ప్రభాకర్ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. రెండు రోజులుగా నిద్రలేని ముఖం.

"మమతా, జర ఒక్క ముక్కల చెప్పు. ఎక్స్‌పాన్షన్‌తోని ఆట మంచిగయ్యిందా, ఖరాబయ్యిందా?"

"ఒక్క ముక్కల రాదన్నా."

"అయితే రెండు ముక్కల చెప్పు. టైం లేదు."

మమత నోట్‌బుక్ తెరిచింది. కొత్త ఎక్స్‌పాన్షన్‌తో ఇన్నాళ్లూ పేర్లు రాసిన చీటీలు పెట్టి తను ఆడిన పంతొమ్మిది ఆటలూ అందులో ఉన్నాయి. బొమ్మల బిళ్లలు చేతికొచ్చింది ఈ పొద్దునే.

"పాత ఆటల భయం ఐదో ఆట దాకనే ఉంటదన్నా. ఆరో ఆటకు అందరికి తెలుస్తది, ముసలాయన ఎన్కటి గదులనే ఉంటడని. ఇగ ఊకె పాచికలేసుడే. దీంతోని గట్ల కాదు. గంప లేపినోళ్లు ఒక్కళ్లే బిళ్ల జూస్తరు. జూసింది చెప్పొచ్చు, అబద్ధం చెప్పొచ్చు. నమ్మకుంటె తాళంచెవి వాళ్ల ముంగట పెట్టి, గంప లేపు అనాలె. అబద్ధమని తేలితె చెప్పినోళ్లు ఇంట్లకెల్లి పోవాలె. నిజమని తేలితె తాళంచెవి పెట్టినోళ్లు పోవాలె. ఆటంతటికి మనిషికొక్కటే తాళంచెవి. దయ్యాన్ని చూసి భయపడేటోడు ఇప్పుడు పక్కన కూసున్నోన్ని చూసి భయపడుతుండు."

"అంటే మంచిగయ్యింది."

"అయ్యింది. నియమాలు ఒకటే కాయితం. పరచనీకి రెండు నిమిషాలు. పోయినేటి దానోలె బల్లంత నిండది."

ప్రభాకర్ ముఖంలోకి రక్తం వచ్చింది. "గిదే మాట మెయిల్ పెట్టు, ఫైల్ పంపిస్త."

"గీ పన్నెండో బిళ్ల తీసేస్తె పెడత."

రమ టీ గ్లాసు పట్టుకుని ఆగిపోయింది.

"అది తీస్తె ఏముంటది?" అన్నాడు ప్రభాకర్. "పంతొమ్మిది ఆటలల్ల జనం ఊపిరి బిగబట్టింది ఎప్పుడు? నీ బుక్కులనే చూడు. కాకి కాలు వస్తే నవ్విన్రు. పాము వస్తె అబ్బో అన్నరు. ఎద్దు వచ్చినప్పుడు ఒక్కలు మాట్లాడలె. పోయిన ఐతారం ఆ టెస్టింగ్ కంపెనీ మేడం వచ్చింది కదా, అద్దాలావిడ. ఆమె ఏమన్నదో రాసుకున్నవా?"

మమత రాసుకోలేదు. ఆ ఆట నాడు ఆమె సెలవులో ఉంది.

"తాళమేసిన ఇంట్లకు ఎద్దు ఎట్లొచ్చిందండీ అన్నది. సరే, వచ్చిందనుకో. ఒక్క కాలే ఎందుకున్నది, మిగిలిన మూడు కాళ్లు యాడ పెట్టింది అన్నది. అంతే. బల్లంత చల్లబడ్డది. నా పెయ్యి మీద ఎంటికలు లేచినయి. గసుంటి ప్రశ్న పుట్టించే బిళ్లను తీసెయ్యమంటవా?"

మమత బిళ్లను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. మిగిలిన మూడు కాళ్లు.

రెండేళ్లు. నలుగురు మనుషులు. పొద్దూ మాపూ ఎద్దుల మధ్య బతికినవాళ్లు. గిట్ట గుర్తు ఏ లోతున పడుతుందో, ముందు కాలుకూ వెనక కాలుకూ తేడా ఏమిటో చూడకుండానే చెప్పగలవాళ్లు. ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. అది తాత అనుకున్నాక ఇక కాళ్లు లెక్కపెట్టేది ఎవరు? పట్నం నుంచి వచ్చిన ఒకావిడ పాచిక వేస్తూ వేస్తూ అడిగేసింది.

"అన్నా," అంది మమత. "గా ఫోటో యాడిది?"

"ఏ ఫోటో?"

"రమకు కోసిచ్చిన ఫోటో."

ప్రభాకర్ రమ వైపు చూశాడు. రమ కిటికీ వైపు చూసింది.

"ఏదో నెట్ల దొరికింది."

"నెట్ల దొరకది. గది మా ఇంట్లది. మా తాత పోయినప్పటిది. గా ఊడిపోయిన ముక్కతోని సహ. మేం నలుగురం తప్ప ఎవ్వలు చూడలె, ఫోటో ఎవ్వలు తియ్యలె. నీ దగ్గరికెట్లొచ్చిందన్నా?"

అతను కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చున్నాడు. లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి, ఆడిన ఒక్క అబద్ధం నిలబడకపోయేసరికి ఏం చేయాలో తోచక చేతులు రుద్దుకున్నాడు.

"మీ ఇంట్లదని నాకు తెల్వది. ఒట్టు. నాలుగు నెలల కింద మీ మామ వచ్చిండు. బాలరాజన్న. తాగి ఉన్నడు. నేను ఈ పిండి ముచ్చట చెప్తె నవ్విండు. అసలుది చూస్తవా అని ఫోన్ల కెల్లి పంపిండు. తెల్లారి ఫోన్ చేసి, తమ్మీ, అది తీసెయ్, యాడ వాడకు అన్నడు. సరే అన్న. కని..."

"కని తియ్యలె."

"ఎట్ల తీస్త చెప్పు? గంత మంచి గుర్తు నేను జన్మల గీయించలేను. ఉత్త గుర్తే కదా, ఎవరికి తెలుస్తది అనుకున్న."

బాలరాజ్. తల్లికి ఒక్కగానొక్క తమ్ముడు. చేవెళ్లలో ఉంటాడు, భూములు అమ్మిస్తాడు, కొనిపిస్తాడు. ప్రభాకర్‌కు ఈ ఫామ్‌హౌస్ చూపించింది అతనే. మమతను ఇక్కడ పనిలో పెట్టించింది అతనే. జగదీశ్ మీద సంగయ్య చేయెత్తిన రోజు మధ్యలో అడ్డం నిలబడి, "పోనియ్ బావా, పిలగాడు, తెల్వక చేసిండు," అన్నదీ అతనే. తెలియక చేశాడు. ఆ మాటతోనే దొంగతనం ఖాయమైపోయింది. అప్పుడు అది దయగా వినిపించింది.

"మామ పదో రోజు మా ఇంటికాడ లేడన్నా," అంది మమత. "పొద్దుమూకకముందే చేవెళ్లకు పోయిండు. గంప లేపినప్పుడు లేడు."

రమ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మీ మామ యాడికన్న వస్తే దెల్వకుండ ఉంటదా? నిన్న వానల వచ్చి బూట్లు ఇడ్వకుండ లోపటికొచ్చిండు. వరండంత బురద. అన్నా జర ఇడ్వమంటె, ఇవి ఫారిన్ బూట్లు పిల్లా, రెండేండ్ల నుంచి తొడుగుతున్న, ఇంక పదేండ్లు తొడుగుత అని నాకు చెప్పవట్టె. నేనింక కడగనే లేదు, చూడుపోండ్రి."

మమత లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. చేతిలో బిళ్లతో వరండాలోకి నడిచింది.

ఎర్రటి నేల మీద బురద ఎండి తెల్లబడింది. గుమ్మం నుంచి మెట్ల దాకా అడుగుల గుర్తులు. ముందు భాగం గజిబిజి గీతలు. మడమ దగ్గర మాత్రం పక్కపక్కన రెండు చంద్రవంకలు, మధ్యలో సన్నటి సందు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని బిళ్లను ఒక గుర్తు పక్కన పెట్టింది. ఇంకో గుర్తు పక్కన పెట్టింది. మూడో గుర్తు పక్కన పెట్టింది. కుడి కాలి గుర్తులన్నిట్లోనూ ఎడమ చంద్రవంక అంచున జొన్నగింజంత ముక్క లేదు.

తాత ఎద్దయి పుట్టలేదు. పిండి జల్లిన చోటికి సరిగ్గా పైనున్న అటక మీది సందుగ అందుకోవడానికి ఒక మనిషి గంపను పక్కకు జరిపి, పైకే చూస్తూ పిండిలో మడమ మోపాడు. మళ్లీ గంప బోర్లించి వెళ్లిపోయాడు. అదీ పదో రోజు రాత్రి. అప్పటికి తాళంచెవి జగదీశ్ చేతికి రానేలేదు.

రెండేళ్లుగా మమత వెతుకుతున్నది ఇదే. అన్న దొంగ కాడని చూపించే గుర్తు. అది తమ కళ్లముందే పడి ఉంటే, దానికి నలుగురూ దండం పెట్టారు.

సంతోషం రావాలి. రాలేదు. ఎందుకంటే ఇంకొక ప్రశ్న వెంటనే వచ్చి నిలబడింది. తాళం పగలలేదు. తలుపు విరగలేదు. మరి ఆ రాత్రి తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

లోపలికి వచ్చి ప్రభాకర్ ముందు నిలబడింది. "కొయ్యని ఫోటో చూపియ్యన్నా."

"మమతా, ఇది మీ ఇంటి లొల్లి. ఆరింటికి ఫైల్ పోవాలె. నేను..."

"చూపియ్యి."

అతను లాప్‌టాప్ తెరిచాడు. ఎక్కడో లోపలి ఫోల్డర్‌లోంచి ఫోటో తీశాడు. తెర తన వైపు తిప్పుకుని ఒకసారి చూసి, తర్వాత ఆమె వైపు తిప్పాడు.

మధ్యలో పిండి, పిండిలో గుర్తు. కింద మూలన మట్టి ప్రమిద. దీపం వెలుగుతోంది, నూనె అంచుల దాకా ఉంది. పొద్దున వాళ్లు తలుపు తీసేసరికి ఆరిన దీపం అది. పై మూలన గంప. గంపను ఎవరో ఎత్తి పట్టుకున్నారు. అచ్చం ఎద్దు కాలులా పడిందని ముచ్చటపడి ఫోటో తీసినవాడికి గుర్తు బాగా కనిపించాలని కాబోలు, కాస్త పక్కకు వంచి పట్టుకున్నారు. ఆ చేతికి రెండు మట్టిగాజులు. మణికట్టు మీద ఆకుపచ్చ తేలు.

రమ వెనక నుంచి తొంగిచూసింది. "గిది ఎవరి..." అని ఆగిపోయింది. ఎంకమ్మ ఇక్కడికి రెండుసార్లు సద్దన్నం మూట తెచ్చింది. రమ ఆ చేతి ముద్దలు తిన్నది.

గంప పూర్తిగా లేవకముందే అమ్మ ఎద్దు కాలు అంది. ఆ మాట రెండేళ్లుగా మమత చెవుల్లో ఉంది. దాని బరువు ఇప్పుడు తెలిసింది.

"ఫైల్ ఆపాల్నా?" ప్రభాకర్ మెల్లగా అడిగాడు. "బిళ్ల తీసేస్త. పదకొండే ప్రింట్ చేపిస్త. నువ్వు ఊ అంటె చాలు."

బయట జీపు హారన్ మోగింది. నాలుగు కావడానికి ఇంకా పావుగంట ఉంది. బాలరాజ్ ఎప్పుడూ ముందే వస్తాడు.

"తియ్యకన్నా," అంది మమత. "ఆట మంచిగయ్యిందో లేదో ఇంకొక్క ఆట ఆడి చెప్త. గంప నేను పెడత. మా అవ్వ లేపుతది."

ఫోటో మూసేసింది. పళ్లెం దగ్గరికి లాక్కుంది. పన్నెండు బిళ్లలూ బోర్లించి కలిపి ఒకటి తీయాలన్నది నియమం. ఈ ఒక్కసారికి ఆమె నియమం తప్పింది. తనకు కావలసిన బిళ్లను పళ్లెంలో పెట్టి బుల్లి గంప బోర్లించింది.

ఎంకమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. వెనకాల బాలరాజ్, బూట్లతోనే.

"ఏంది కోడలా," అన్నాడు నవ్వుతూ, "మా అక్కతోని దయ్యాలాట ఆడిపిస్తున్నవంట. దయ్యమే భయపడి పారిపోతది చూడు."

"కూసో మామా," అంది మమత. అతను కూర్చోలేదు. అక్క కుర్చీ పక్కన నిలబడి దాని వీపు మీద చేయి ఆనించాడు.

"నాకు గీ ఇంగిలీషు ఆటలు రావు బిడ్డా," అంది ఎంకమ్మ. "కూలికి పోయిన చేన్ల కలుపు ఇడిసిపెట్టొచ్చిన. జెల్ది చెప్పు, ఏం చెయ్యాలె."

"ఏం లేదు పెద్దమ్మా, అలుకనే," అంది రమ. గొంతులో ఎప్పటి హుషారు లేదు. "గంప లేపాలె. నువ్వొక్కదానివే చూడాలె. చూసింది మాకు చెప్పాలె."

"నీకిష్టమున్నట్టు చెప్పొచ్చు అవ్వా," అంది మమత. "అబద్ధమన్న చెప్పొచ్చు. ఆటల తప్పు లేదు."

ఎంకమ్మ కూతురి ముఖంలోకి చూసింది. తర్వాత పళ్లెం వైపు చూసింది. చెక్క పళ్లెం, వెదురు గంప, పక్కన వేలెడంత ప్రమిద. "అచ్చం అట్లనే చేసిన్రు," అని గొణిగింది. తేలు పచ్చబొట్టు ఉన్న చేయి ముందుకు వచ్చింది. రెండు వేళ్లతో గంప అంచు పట్టుకుని, తన వైపు వంచి, కిందికి చూసింది.

ఆమె ఎంతసేపు చూసిందో చెప్పడం కష్టం. లాన్‌లో ఇక్కడి మాలి పైపు లాగుతున్నాడు. ఎంకమ్మ చూపు బిళ్ల మీంచి కదిలి, బల్ల అంచు దాటి, నేల మీదికి, తన కుర్చీ పక్కనే ఉన్న బూట్ల దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది.

గంప దించింది. రెండు చేతులూ దాని మీద పెట్టింది.

"ఏమున్నదవ్వా?"

"కాకి కాలు," అంది ఎంకమ్మ.

ప్రభాకర్ తల వంచుకున్నాడు. రమ పెదవి కొరుక్కుంది. బాలరాజ్ ఒక్కడే నవ్వాడు. "గంతేనా? గీ కాకి కాలు చూపియ్యనీకి జీపుల తోలుకరమ్మన్నరా?"

మిగిలిన పదకొండు బిళ్లలు బల్ల మీద వరసగా ఉన్నాయి. కాకి కాలు వాటిలో నాలుగోది.

నమ్మినట్టు ఊరుకోవచ్చు. తల్లి చెప్పిన మాట తల్లి దగ్గరే ఉంటుంది. సాయంత్రం ఆమె కలుపు తీయడానికి వెళ్తుంది, సంగయ్య తనది కాని లాన్‌కు నీళ్లు పడతాడు, గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర జగదీశ్ ఎవరినో ఎక్కించుకుంటాడు. ఊరుకోకపోతే, ఈ బల్ల దగ్గరి నుంచి ఒకరు ఇల్లు విడిచి పోవాలి. ఆ నియమానికి సరే అన్నది తనే.

మమత తన ముందున్న తాళంచెవి బిళ్లను తీసింది. బల్ల మీద మెల్లగా జరిపి, గంప మీద ఉన్న ఆ రెండు చేతుల ముందు పెట్టింది.

"గంప లేపు అవ్వా," అంది.